చింతపిక్క నిలవని మాట

హిందీవాళ్ళ ఊరైన పర్సుడీహ్‌లో తెలుగు బడి అంటే ఒక రేకుల షెడ్డు. పొద్దున్నే పద్మకుమారి టీచరు సుద్దతో నేలమీద వాక్యాలు రాసేది, ఒకటో తరగతి పిల్లలు చివర గుర్తులు పెట్టేవారు. మాట అయిపోతే చింతపిక్క. ఏదైనా అడిగితే వైరు కొక్కెం, దాని కింద పిక్క. అబ్బో అనిపిస్తే పుల్ల, కింద పిక్క. వీధిలో హిందీ బోర్డులు చదివీ చదివీ వాళ్ళు అన్నిటికీ హిందీ నిలువు గీతలా ఉత్త పుల్ల పెట్టేసేవారు.

"ఓరి మీ దుంపతెగ! అది హిందీకిరా!" అని ఆవిడ నవ్వుతూ తిట్టేది.

మనసులో తేలని మాట చివర మాత్రం పిక్క నిలిచేది కాదు, దొర్లిపోయేది. ఆ సంగతి పర్సుడీహ్ తెలుగువాళ్ళందరికీ తెలుసు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పెద్దలు బడికొచ్చి గుప్పెడు పిక్కలు పట్టుకెళ్ళేవారు.

ఒకరోజు అసిరయ్య ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగి నేరుగా బడికొచ్చాడు. అతని కూతురు దాలమ్మ అంటే టీచరుకి ప్రాణం. పిక్కని గౌనుకి తుడిచి మరీ పెట్టే పిల్ల.

"టీచరమ్మా, రేపట్నుంచి మా దాలమ్మ రాదండి. దాని తల్లికి ఠేకేదారు కాడ పొద్దుటి కాంట్రాక్టు పని దొరికింది. ఇంటికాడ సంటి గుంటడ్ని ఎవులు చూత్తారు?"

పిల్లని మాన్పించేవాళ్ళు ఆ మాట చివర పిక్క పెట్టి వెళ్ళాలి, అది ఆ బడి ఆనవాయితీ. ఇదివరకు ఎందరో పెట్టారు. ఆ పిక్కలు ఇంచు కదల్లేదు. వాటిని ఏరుకుంటూ ఆవిడ ఎన్నిసార్లు ఏడ్చిందో!

దాలమ్మే కూర్చుని రాసింది: దాలమ్మ రేపట్నుంచి బడికి రాదు. అక్షరం తప్పు లేదు పాపం.

అసిరయ్య వంగి పిక్క పెట్టాడు. అది దొర్లిపోయింది. ఇంకోటి పెట్టాడు. అదీ దొర్లిపోయింది.

"నేల వాలుగున్నాదమ్మా," అన్నాడు.

"పై వాక్యాల పిక్కలు బాగానే ఉన్నాయి కదయ్యా."

అప్పుడు దాలమ్మ వైరు కొక్కెం తెచ్చి పెట్టింది. దాని కింద పిక్క బుద్ధిగా కూర్చుంది.

అసిరయ్య ముఖం మాడిపోయింది. "ఇదేటమ్మా? నానెవుల్ని అడిగినాను?"

"నిన్ను నువ్వే అడుక్కున్నావు అసిరయ్యా. జవాబు కూడా నువ్వే చెప్పాలి."



"బోలో నా, చెప్పు నాన్నా!" అంది దాలమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

అసిరయ్య పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట టీచరుకి అన్నం సయించలేదు.

మర్నాడు గంట కొట్టాక గుమ్మంలో అసిరయ్య. చంకలో పిల్లాడు, భుజాన పాలసీసా సంచి. మగాడు పిల్లాణ్ణి మోస్తున్నాడని దారిపొడుగునా టీ కొట్ల దగ్గర ఎంత వెక్కిరించారో ఏమో, చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"మజ్జానం బి షిఫ్టు అడిగీసుకున్నానమ్మా," అన్నాడు గోడకేసి చూస్తూ. "పొద్దుట ఈడిని నానే చూసుకుంతాను."

పద్మకుమారి కళ్ళు తుడుచుకుని లోపలికి తిరిగింది. దాలమ్మ అప్పటికే తండ్రి వెనకనుంచి దూరి తన చోట్లో కూర్చుంది.