థిన్నర్లో నానబెట్టిన ఎయిర్‌బ్రష్

మా మామగారు ఉద్యోగకాలమంతా లారీలకీ బస్సులకీ రంగు కొట్టారు. ఆ రంగు బళ్ళ మీద ఎన్నాళ్ళు నిలిచిందో తెలియదు గాని, ఆయన ఊపిరితిత్తుల్లో మాత్రం గట్టిగానే నిలిచింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఇక స్ప్రే గన్ను ముట్టుకోవద్దన్నాడు. డాక్టరు చెప్పింది ఒక్క గన్ను గురించే. మా ఆయన ఆ మాటని చట్టంగా మార్చి పెయింటుకీ, వార్నిషుకీ, థిన్నరుకీ, చివరికి నా గోళ్ళ రంగుకీ వర్తింపజేశారు. ఆయన ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు లెండి. మా వంటింట్లో చెయ్యి చాస్తే ఉప్పు డబ్బా కన్నా ముందు మంటలార్పే సిలిండరు తగులుతుంది.

పని మానాక మామగారికి మిగిలినవి పేపరూ, సాయంత్రం నడకా, కిటికీలోంచి కింద ఆగిన కార్లని తిట్టడమూ.

"ఆ ఎర్రకారు చూడమ్మాయ్. ఎడమ తలుపుకి రెండోసారి రంగు కొట్టారు. ఎక్కడో గుద్దేసుంటాడు. ఎవరికీ తెలీదనుకుని తిరుగుతున్నాడు, పాపం."

నోటికి ఆ పనైనా ఉంది. చేతికి అదీ లేదు. టీవీ రిమోటు పట్టుకున్నా ఆయన చూపుడు వేలు గన్ను ట్రిగ్గరు మీద ఉన్నట్టే వంగి ఉండేది. రిమోటు నొక్కితే చానలు మారుతుంది, గోడ రంగు మారదు. అందుకేనేమో, కాసేపటికి విసుగొచ్చి పక్కన పడేసేవారు.

ఇంతలో నాకో పిచ్చి పట్టుకుంది. మా మేనల్లుడి పుట్టినరోజుకని ముక్కలు అతికించి చేసే లారీ బొమ్మ కొన్నాను. వాడు దాన్ని చూసిన చులకన చూపుకి, ఇవ్వకుండానే వెనక్కి తెచ్చుకున్నాను. ఊరికే ఉండటమెందుకని నేనే అతికించాను. ముందు చక్రాలు, తరువాత క్యాబిను, ఆ తరువాత అద్దం ముందుండే, చీమ కంటికి కూడా ఆనని వైపరు. అన్నం మాడిన రోజులూ ఉన్నాయి. చివరికి కుంచెతో నీలం రంగు వేసి, గర్వంగా మామగారి ముందు పెట్టాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసి చూశారు. "లారీకి రంగేశావా, గోడకి సున్నం కొట్టావా? కుంచె ఎటు వెళ్ళిందో గీతలన్నీ చెప్పేస్తున్నాయి. దీనికి గాలి కావాలమ్మా, గాలి."

గాలి అంటే ఎయిర్‌బ్రష్. పెన్నంత ఉండే చిన్న స్ప్రే గన్ను. నీళ్ళతో కలిపే రంగులు వాడతాననీ, వాటికి వాసనుండదనీ మా ఆయన్ని ఒప్పించడానికి నేను డిగ్రీలో చదివిన రసాయనశాస్త్రమంతా బయటికి తియ్యాల్సొచ్చింది. అది పనికొచ్చిన మొదటి సందర్భమూ అదే.

"సరే. బాల్కనీలో, మాస్కు పెట్టుకుని. నాన్న మాత్రం దాని మీద చెయ్యి వెయ్యకూడదు," అన్నారు ఆయన.

చెయ్యి వెయ్యకూడదన్నారు గాని, కొనేటప్పుడు పక్కనుండకూడదని అనలేదు కదా. మర్నాడే మామగారిని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. బట్టల కొట్టుకి తీసుకెళ్తే గుమ్మంలోనే కుర్చీ వెతుక్కునే మనిషి, ఇక్కడ నాకన్నా ముందు నడిచారు.

కొట్టతను రకరకాలవి పరిచాడు. ఒకదానికి రంగు పోసే గిన్నె పైన, ఒకదానికి సీసా కింద. ఒకదాని మీట నొక్కితే గాలీ రంగూ కలిసే వస్తాయి. ఇంకోదాన్ని నొక్కితే గాలి మాత్రమే, వెనక్కి లాగితేనే రంగు.

"పిస్తోలు లాంటిది లేదా బాబూ? ఇదేమిటి, ఇంజక్షను సూదిలా ఉంది?" అన్నారు మామగారు.

"ఉందండీ. కానీ మేడంగారు చిన్న బొమ్మలకే కదా..."

"మేడంగారికి ఓపిక తక్కువ. నొక్కితే వచ్చేదే ఇవ్వు."

"నా ఓపిక సంగతి మీ అబ్బాయిని అడగండి, చెప్తారు," అన్నాను.

ఆయన నవ్వలేదు. నొక్కి లాగే రకాన్ని అప్పటికే చేతిలోకి తీసుకున్నారు. వేలు మీట మీదికి వెళ్ళింది. నొక్కారు, కొంచెం లాగారు, వదిలారు. రంగూ లేదు, గాలీ లేదు. అయినా ఆయన మణికట్టు మాత్రం కనపడని బస్సు పొడవునా కదిలింది. కొట్టతనూ నేనూ ఆ చేతినే చూశాం. తరువాత ఆయన దాన్ని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టేసి, "ఇదే తీసుకో. గిన్నె పైనుంటే నాలుగు చుక్కలతో పనైపోతుంది, రంగు పారబొయ్యక్కర్లేదు," అని చేతులు వెనక్కి కట్టుకున్నారు.

ఆ రోజు నుంచీ అడకత్తెరలో పోకచెక్క నేను. బాల్కనీలో నేను కొడుతుంటే, అద్దం తలుపుకి ఇవతల కుర్చీ వేసుకుని మామగారు అరిచేవారు. "దూరం, దూరం! ఆగకు! చివరిదాకా పోయి వదులు!" అప్పుడప్పుడు గొంతు తగ్గించి, "ఒక్కసారి ఇటివ్వరాదూ?" అనేవారు. నేను వినపడనట్టు మాస్కు సర్దుకునేదాన్ని. మాస్కు ఉన్నది ముక్కుకి, చెవులకి కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

కొట్టడం ఒక ఎత్తు, కడగడం ఒక ఎత్తు. గిన్నెలో నీళ్ళు పోసి ఊదాలి. గన్ను ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టి నొక్కితే గిన్నెలో బుడగలొస్తాయి, లోపల దాక్కున్న రంగు పైకి తేలుతుంది. వెనక మర వదులు చేసి సూదిని మెల్లగా బయటికి లాగి తుడవాలి. దాని మొన వంగిందా, మరి గీత గీతలా రాదు. తిన్న పళ్ళెం కడగని వాణ్ణి క్షమిస్తారేమో గాని, గన్ను కడగని వాణ్ణి మామగారు క్షమించరు.

ఓ మధ్యాహ్నం సరిగ్గా ఆ సమయానికి మా చెల్లెలు ఫోను చేసింది. దాని మాటలకి కామాలే గాని ఫుల్‌స్టాపులుండవు. అది వదిలేసరికి గిన్నెలో రంగు అట్టకట్టింది. తరువాత చూద్దాంలే అని నడుం వాల్చాను.

లేచేసరికి ఇల్లంతా థిన్నరు వాసన.

కిటికీ బార్లా తెరిచి, బల్ల ముందు మామగారు కూర్చున్నారు. నడకకని వెళ్ళి హార్డ్‌వేర్ కొట్టు నుంచి సీసా తెచ్చుకున్నట్టున్నారు. నా గాజు గిన్నెలో నానిన ఎయిర్‌బ్రష్ భాగాలన్నీ గుడ్డ మీద వరసగా తళతళలాడుతున్నాయి.

"ఎండాక నీళ్ళకి లొంగే రంగు కాదమ్మాయ్ అది. చూడు ఎలా మెరుస్తోందో!" ఆయన ముఖం అంతకన్నా మెరుస్తోంది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, అన్నీ బిగించి గాలి పంపు గొట్టం తగిలించాను. మీట నొక్కాను. కిందికి వెళ్ళింది, మళ్ళీ పైకి రాలేదు. గాలి ఆగకుండా బుస్సుమంటూనే ఉంది.

విప్పి చూస్తే, మీట కింద ఆవగింజంత రబ్బరు చుట్టు, తేలు కుట్టిన వేలులా వాచిపోయి ఉంది.

"మా గన్నుల్లో తోలు ఉండేది," అన్నారు మామగారు ఆ చుట్టుని వేలి మీదికి తీసుకుని. "తోలూ, ఇత్తడీ. రాత్రంతా నానబెట్టేవాళ్ళం. ఇందులో రబ్బరుంటుందని... చూసుకోవద్దూ నేను?"

మా ఆయన గుమ్మంలో అడుగు పెడుతూనే ముక్కు ఎగబీల్చారు. "ఎవరు?"

"నేనే," అన్నాను. "రంగు ఎండిపోతే నానబెట్టాను."

ఆ తరువాతి ఉపన్యాసం రాస్తే ఫ్యాక్టరీ గోడ మీద అంటించుకోవచ్చు. ఆ యంత్రం ఇంట్లో ఉండటానికి వీల్లేదనేది దాని సారాంశం. మామగారు లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. భోజనానికి పిలిచినా రాలేదు. పెద్దాయన కదా, మొహమాటపడుతున్నారనుకున్నాను. వెళ్తే కృతజ్ఞత చెప్తారని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

"ఎవరడిగారమ్మా నిన్ను?" అన్నారు నన్ను చూడగానే.

"మీరు మాట పడతారని..."

"పడనీ! పని చేసినవాడు కదా మాట పడేది. నాకు పనే లేదు, ఇక తప్పెక్కడిది? రోజంతా కుర్చీలో కూర్చునేవాణ్ణి ఎవరైనా తప్పు పడతారా? ఇన్నాళ్ళకి నా చేత్తో ఒకటి చెడగొట్టాను. దాన్నీ నువ్వు ఎత్తుకుపోయావు."

ఆయన మంచి కోరుతూనే మా ఆయన ఒక చేతిలోంచి పని లాక్కుంటే, నేను రెండో చేతిలోంచి తప్పు లాక్కున్నాను. ఇద్దరం కలిసి ఆయన్ని భద్రంగా, ఏ మరకా పడకుండా, అద్దాల బీరువాలో పెట్టే బొమ్మని చేశాం.

ఆయన నేరుగా హాల్లోకి నడిచారు. నేను వెనకే.

"ఒరే, థిన్నరు తెచ్చింది నేను, నానబెట్టింది నేను. రబ్బరుందని చూసుకోలేదు. పాడైంది."

మా ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తారు. కోపం వస్తుందనుకున్నాను. "ఆయాసం ఏమైనా వచ్చిందా నాన్నా?" అన్నారు ముందు.

"లేదు."

"కిటికీ తెరిచావా?"

"బార్లా."

"మాస్కు?"

"...లేదు."

"అదీ సంగతి." కాసేపు మెతుకులు కెలికారు. "మా ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే దాచినవాణ్ణి ఇంటికి పంపిస్తాం. తనంతట తాను వచ్చి చెప్పినవాణ్ణి పనిలోనే ఉంచి, మళ్ళీ నేర్పిస్తాం."

మామగారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. "మరి దాచినవాళ్ళని ఇంటికి పంపించేస్తారన్నమాట. దీన్ని వాళ్ళ పుట్టింటికి ఎప్పుడు దింపుతావురా?"

ఆ మాటకి నవ్వింది మా ఆయన ఒక్కరే. నాకూ నవ్వొచ్చింది గాని, నిందితురాలిని కదా అని ఆపుకున్నాను.

డాక్టరుకి ఫోను చేశారు. థిన్నరు ఛాయలకి పోవద్దు, నీళ్ళ రంగైతే మాస్కుతో, ఆరుబయట, కాసేపు ఫరవాలేదన్నాడు. కొట్టు నుంచి కొత్త రబ్బరు చుట్లు తెచ్చాను. వాటిని బిగించేటప్పుడు మామగారు నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆదివారం పొద్దున ఆయన బాల్కనీలో నిలబడ్డారు. మాస్కు పట్టీ మా ఆయనే సరిచేసి, బిగువు చూసి పక్కకి తప్పుకున్నారు. నా లారీకి పాత రంగు గీకేసి తయారుగా పెట్టాను. వేలు మీటని నొక్కింది. గాలి. వెనక్కి లాగింది. నీలం రంగు మంచులా వచ్చి లారీ తలుపు మీద వాలింది. చక్కగా వచ్చింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆయన బస్సుల నాటి చేత్తో లాగేశారు. రంగు చిక్కబడి, అద్దం కింద నుంచి మెట్టు దాకా ఒక ధారగా కారింది.

మా ఆయన ఏదో అనబోయారు, నేను గుడ్డ అందుకున్నాను.

ఆయన లారీని వెలుతురుకి ఎత్తి, ఆ ధారని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఎవరూ మాట్లాడకండి. ఇది నాది," అని, గుడ్డ కోసం నా వైపు చెయ్యి చాచారు.