మూడోనాటి ఉప్పు

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. పాలకొల్లు దగ్గర ఆ ఊళ్ళో వేసవి వచ్చిందంటే సంపూర్ణమ్మగారికి ఊపిరి సలపదు. ఎవరింట ఆవకాయ పెట్టినా, మూడోనాడు జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి ముక్కల్ని తిరగకలిపేటప్పుడు ఉప్పు చూడాల్సింది ఆవిడే. వేలితో కాస్త ఊట తీసి నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, ఇంకో గుప్పెడు పడాలి అందంటే పడాల్సిందే. ఆవిడ మాట కాదన్నవాళ్ళ ఆవకాయ ఆషాఢానికల్లా బూజు పట్టిందని వీధంతా చెప్పుకుంటారు. ఆ పెద్దరికమంటే ఆవిడకి ప్రాణం, దాచడమెందుకు!

అలాంటి మనిషికి కిందటేడు పాలకొల్లు డాక్టరుగారు బీపీ ఉందన్నాడు. మాత్రలు రాసిచ్చి, ఉప్పు తగ్గించి నెలనెలా వచ్చి చూపించుకోమన్నాడు. కొన్నాళ్ళు వేసుకుంది. తల తిరగడం పోయింది. ఇంకేం, జబ్బే పోయిందని తేల్చేసి మాత్రలు గూట్లో పడేసింది. కోడలు లోవలక్ష్మి ఆసుపత్రి మాటెత్తినప్పుడల్లా, దుక్కలా ఉన్నాను నాకేం రోగమే అని కసిరేది. లోపలి సంగతి వేరు. ఆ బీపీ మిషను ఎక్కువ చూపించిందంటే డాక్టరు ఆవకాయ ముట్టుకోవద్దంటాడు. అప్పుడు వీధిలో ఉప్పు చూసేదెవరు? ఎదురింటి రత్నమాణిక్యమా?

భర్త బుల్లబ్బాయిగారు బక్కపల్చటి మనిషి. పొద్దున్నే సైకిలెక్కి చేలగట్లన్నీ తిరిగొస్తాడు. మీ అత్తకి బీపీయేంటమ్మా, బీపీకే మీ అత్తంటే భయం అని కోడలితో వేళాకోళమాడేవాడు.

ఈ ఏడు లోవలక్ష్మి మొదటిసారి తన చేత్తో ఆవకాయ పెట్టింది. మూడోనాడు అత్తగారు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటే, ఆ పిల్ల వాసెన విప్పనంది. పెట్టినరోజు ఎర్రగా నిగనిగలాడుతూ బాగానే ఉంది, మళ్ళీ చూడక్కర్లేదంది.

సంపూర్ణమ్మకి ఒళ్ళు మండిపోయింది. "పెట్టినరోజు బాగుంటే సరిపోద్దేంటే? ముక్క ఉప్పెంత లాగిందో వాసెన విప్పకుండా తెలుస్తుందా? బూజొచ్చాక చూసుకుని ఏడుస్తావా?"

లోవలక్ష్మి జాడీ ముందు నుంచి కదల్లేదు. "మరి మీరు చేస్తున్నదీ అదే కదండీ అత్తయ్యగారూ. కిందటేడు బాగుందని ఊరుకున్నారు. ఇప్పుడెలా ఉందో చూపించుకున్నారా? మీకేమన్నా అయితే నేనేం కావాలండీ?" అంటూ కళ్ళొత్తుకుంది.

తిట్టబోయిన సంపూర్ణమ్మ కోడలి కళ్ళనీళ్ళు చూసి లేచి, గూట్లోంచి ఆ పాత మాత్రలు వెతికి తీసింది. మర్నాడు భర్తను తోడు తీసుకుని పాలకొల్లు బస్సెక్కింది.

డాక్టరు చేతికి పట్టీ చుట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. బాగా ఎక్కువుంది. తల తిరగట్లేదు కదండీ అని ఆవిడ వాదించబోయింది. చాలామందికి ఏమీ తెలియదనీ, కొలిస్తేనే బయటపడుతుందనీ, అప్పట్లో మాత్రలతో అదుపులోకొచ్చిందే తప్ప జబ్బు పోలేదనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. అవేవీ ఆవిడ చెవికెక్కలేదు. ఆవకాయ ఉప్పు చూడొచ్చా అని అడిగి, ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. డాక్టరు నవ్వి, నాలిక్కి రాసుకుని ఉమ్మేసి పుక్కిలించమన్నాడు, మింగొద్దన్నాడు. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

పనిలో పనిగా డాక్టరు బుల్లబ్బాయిగారిని కూడా కూర్చోమన్నాడు. నేనూరికే తోడొచ్చానండీ అని నవ్వుతూనే ఆయన చెయ్యి చాపాడు. ఈసారి డాక్టరు నవ్వలేదు. ఆయనకి భార్య కన్నా ఎక్కువుంది. ఏనాడూ తల నొప్పెడుతోందని కూడా అనని మనిషికి! ఊరందరి జాడీలూ చూసింది గానీ ఇంట్లో మనిషిని చూసుకోలేదే అని సంపూర్ణమ్మ కుమిలిపోయింది. తిరుగు బస్సులో ఆయన చెయ్యి వదల్లేదు. జనం చూస్తున్నారే అంటే, చూడనీయండి అంది.

వారం తిరక్కుండా పక్కింటి వీరవేణి వచ్చింది.

"పిన్నిగారూ, రేపు మా ఆవకాయకి మూడోనాడండి. ఉప్పు చూసిపెట్టాలి."

"చూస్తాలే. నువ్వూ మీ ఆయనా బీపీ చూపించుకున్నారా?"

"ఆయ్, మాకేంటండీ? బాగానే ఉన్నాం."

"అయితే మీ ఆవకాయా బాగానే ఉండుంటుంది. ఇంక నేనెందుకు?" అని సంపూర్ణమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వీరవేణి మొగుణ్ణి వెంటేసుకుని పాలకొల్లు వెళ్ళింది.