న్యూట్రల్‌లో పెట్టి లాగిన కారు

"న్యూట్రల్‌లో పెట్టి లాక్కుపోమ్మా, ఏమీ కాదు" అని నవ్వుతూ కారు అంటగట్టినవాళ్లారా, ఆర్లీన్‌ను అరిజోనా ఎడారిలో నిలబెట్టింది మీరే!

ఆర్లీన్, వెండెల్ దంపతులకు ఇల్లంటే మోటార్‌హోమే. బస్సంత ఉండే ఆ బండి ఆసుపత్రి సందులో తిరగదు. వెండెల్‌కు రోజు విడిచి రోజు డయాలసిస్ జరగాలంటే, వెనకాల ఒక చిన్న కారు కట్టుకుని తిరగాల్సిందే. పాత కారు ఏళ్ల తరబడి నాలుగు చక్రాల మీద దొర్లుతూ చక్కగా వెంట వచ్చింది. అది పాడైపోతే అదే పేరున్న కొత్తది కొన్నారు. పేరొకటే గాని గేర్‌బాక్సు వేరు. ఇంజిన్ ఆపి లాగితే దానికి నూనె అందక మాడిపోతుందని ఎవడూ చెప్పలేదు.

ఎడారి ఊరు క్వార్ట్‌సైట్ చేరాక ఆర్లీన్ కారు తాళం తిప్పితే ఇంజిన్ అరిచింది, కారు కదల్లేదు. మాడిన నూనె కంపు కొట్టింది. ఎండలు ముదిరాయని చలికాలం అక్కడ మకాం వేసే పక్క బండ్లవాళ్లంతా ఎప్పుడో చల్లటి చోట్లకు వెళ్లిపోయారు.

"అచ్చం నీలాగే మొండికేసిందే," అన్నాడు వెండెల్, ఉబ్బిన కాళ్లు చాపుకుని.

"నోర్మూసుకో ముసలోడా. రేపు ఆసుపత్రికి నిన్ను భుజాన వేసుకుపోనా?"

కారు అమ్మినవాడికి ఫోన్ చేసింది.

"గేర్‌బాక్సు మార్చింది కంపెనీ అమ్మా. నన్నడిగితే ఏం లాభం?"

"కొనేటప్పుడు నిన్నేగదయ్యా అడిగింది!"

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆర్లీన్ కారెక్కి గేరు కర్రను అటూ ఇటూ లాగుతూ కూర్చుంది.

లాగకూడని కారైతే ఆ మాట అద్దం మీదే పెద్దక్షరాలతో రాయండి. అంతకంటే ముందు, తెల్లారేలోగా వెండెల్‌కు ఒక బండి పంపండి!