తూకంలో కలపని మనిషి

“డ్రైవర్ దిగు,” అన్నాడు ఉప్పలయ్య, తల ఎత్తకుండానే.

కాంటా మీద ధాన్యం లారీ ఇంజను ఆగింది. తావుర్యా బీడీ నోట్లో పెట్టుకొని కిందికి దూకాడు. కాంటా కేబిన్‌లో ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఒకచోట నిలబడ్డాయి. ఉప్పలయ్య బటన్ నొక్కాడు. ప్రింటర్ పళ్లు కొరికినట్టు చప్పుడు చేసి చీటీని బయటికి తోసింది.

మిర్యాలగూడ రైస్ మిల్లులో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఇదే. లారీ నిండుగా వస్తుంది, తూకం. ఖాళీ అయి వస్తుంది, మళ్లీ తూకం. రెండింటికీ మధ్య తేడా ఎంతో అంత ధాన్యం. రెండుసార్లూ డ్రైవర్ దిగాల్సిందే. ఇది సేటు పెట్టిన రూలు కాదు, ఉప్పలయ్య పెట్టిన రూలు. కొన్ని మిల్లుల్లో డ్రైవర్ మొదటిసారి సీట్లో కూర్చుంటాడు, రెండోసారి చాయ్‌కి పోతాడు, అట్లా అరవై కిలోల మనిషి వడ్ల కింద జమ అయిపోతాడు అని ఆయన బాధ. తన కాంటా మీద ఇంతవరకు ఏ డ్రైవరూ బియ్యం కాలేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఆయనకు యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. జుట్టుకు రంగు, చెవుల దగ్గర మాత్రం రంగు అయిపోయినట్టు తెలుపు. చొక్కా కాలరు మాయకుండా లోపల చేతిరుమాలు, రుమాలు మాయకుండా దాని కింద పౌడరు. జేబులో ఒక దువ్వెన, రెండు పెన్నులు. రెండోది రాయదు గానీ జేబుకు నిండుదనం ఇస్తుంది. ఇవాళ వాటి వెనక ఇంకొకటి ఉంది. ఎనిమిది మడతలు పెట్టిన కాగితం.

నిన్న బండికి ఫ్యాన్ బెల్టు తెస్తానని ఇంట్లో చెప్పి సూర్యాపేట పోయింది ఆ కాగితం కోసమే. షుగర్ వల్ల కుడికన్ను దాదాపు పోయిందని, ఇక బండి ముట్టుకోవద్దని కంటి డాక్టర్ రాసిచ్చాడు. అబద్ధం నిలబడాలి గనక ఉప్పలయ్య ఫ్యాన్ బెల్టు కూడా కొనుక్కొచ్చాడు.

రేపు పొద్దున అయిదు గంటలకు బయల్దేరాలి. పద్నాలుగో ట్రిప్పు. రెండువేల ఒకటిలో సూర్యాపేటలో ఒక టెంట్‌హౌస్ యజమాని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఓమ్ని వ్యాను కొన్నప్పటినుంచి, ఏటా మే నెల ఆఖరులో, విశాఖపట్నం దాకా పోయి అక్కడినుంచి భీమిలి వరకు సముద్రం పక్క రోడ్డు మీద నడిపి రావడం ఆ ఇంటి ఆచారం. నడిపేది ఉప్పలయ్య. ఇంట్లో ఇంకెవరూ స్టీరింగ్ ముట్టుకోరు, తుడవాలన్నా ఆయన్ను అడగాలి. కాగితం బయటపెడితే ట్రిప్పు ఖతం. పెట్టకపోతే భార్యనూ బిడ్డనూ ఒక్క కంటితో నాలుగువందల డెబ్బై కిలోమీటర్లు తీసుకుపోవాలి. సాయంత్రం బండి తూకం. ఆలోపు తేల్చుకోవాలి.

బండి తూకం అంటే అదీ ఒక ఆచారమే. బయల్దేరే ముందురోజు సాయంత్రం సామాను, మనుషులతో సహా ఓమ్నిని కాంటా మీద పెట్టేవాడు. భార్య సైదమ్మకూ కూతురు సౌందర్యకూ కదలొద్దని చెప్పి, దిగి కేబిన్‌లోకి ఉరికి బటన్ నొక్కేవాడు. కంప్యూటర్‌లో సరుకు పేరు ఎంచుకోవాలి. ధాన్యం, బియ్యం, నూక, తవుడు, ఊక, ఇతరములు. కుటుంబం ఇతరముల కిందికి వచ్చేది. తిరిగొచ్చాక రెండో తూకం. పెరిగిన ఇరవై ముప్పై కిలోలూ సముద్రం ఇచ్చినవని ఆయన లెక్క. అందులో తడి బట్టలుండేవి, ఇసుక ఉండేది, దసరా దాకా వాసన వదలని ఎండుచేపలుండేవి. పక్కింటి గోపమ్మ కోసం ఒక సీసా సముద్రపు నీళ్లుండేవి. ఏటా గోపమ్మ ఆ నీళ్లు నాలుకమీద వేసుకొని, “ఉప్పగనే ఉన్నయ్,” అని ధ్రువీకరించేది. ఆ తర్వాతే ట్రిప్పు పూర్తయినట్టు.

ఒక ఏడాది తిరుగు తూకం అయిదు కిలోలు తగ్గింది. ఎవరు చిక్కిపోయారోనని ఉప్పలయ్య వారం రోజులు పరేషాన్ అయి, సైదమ్మకు రోజూ రెండు గుడ్లు పెట్టించాడు. చివరికి తేలింది, తాగే నీళ్ల క్యాను లాడ్జిలో మరిచి వచ్చారు. సముద్రం దగ్గర నీళ్లు పడవని ఇంటినుంచి నీళ్లు మోసుకుపోయేది వాళ్లే. కుక్కర్, పొయ్యి, మిల్లు బియ్యం, మూడు రోజుల పులిహోర కూడా మోసుకుపోయేవాళ్లు. అంత దూరం పోయి సైదమ్మ సముద్రానికి వీపు పెట్టి కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరేది. ఫొటోల్లో అందరి వీపుల వెనకా సముద్రం ఉండేది.

పదకొండు గంటలకు కోదాడ నుంచి బావమరిది నగేష్ ఫోన్ చేశాడు. అతను ఒక్క ఏడే వీళ్లతో వచ్చాడు. అంతకుముందు ఏటి తూకానికీ ఆ ఏటి తూకానికీ తొంభై అయిదు కిలోలు తేడా రావడం, ఆ సంగతి కోదాడ దాకా పాకడం వల్ల మళ్లీ రాలేదు. కానీ సలహా ఇవ్వడం మానలేదు.

“బావా, ఆ డొక్కు బండెందుకు, నా మాటిని రైల్లో పోండి. అయినా వచ్చే నెలనుంచి సముద్రం మనది కాదుగా, వేరే రాష్ట్రం అయిపోద్ది.”

“అది మనదగ్గరికి ఎన్నడొచ్చిందిరా,” అన్నాడు ఉప్పలయ్య. “మనమే కదా పోయింది.”

ఫోన్ పెట్టేశాక ఆ జవాబు తనకే నచ్చి, హమాలీ మేస్త్రి మల్సూర్‌ను పిలిచి మళ్లీ చెప్పాడు. మల్సూర్ నవ్వి, రేపటి ప్రయాణానికి తయారేనా అన్నా అని అడిగాడు. ఉప్పలయ్య ఎర్ర అంకెలవైపు చూశాడు. కాంటా మీద ఏమీ లేదు. అంకె సున్నా దగ్గరే ఉంది.

నిజానికి ఆయనకు సముద్రంతో పెద్ద పరిచయం లేదు. మోకాళ్లు దాటి దిగలేదు. ఒడ్డున బండి వెనకచక్రానికి రాయి పెట్టి, దొంగలు పడతారేమోనని దాని పక్కనే నిలబడేవాడు. ఆయనకిష్టమైంది రోడ్డు. కొండ అంచున మలుపు తిరగగానే కుడిచేతి కిటికీ మొత్తం నీలంగా అయిపోతుంది. చూద్దామంటే ఎదురుగా బస్సులు. అందుకని వెనకసీట్లోంచి సౌందర్య చెప్పాలి. ఏడో క్లాసు పిల్లగా ఉన్నప్పటినుంచి ఆమె డ్యూటీ అదే. పడవొచ్చింది నాయినా, ఇప్పుడు రెండయినయ్ నాయినా, అల లేసింది నాయినా. ఆయన రోడ్డుమీంచి చూపు తిప్పకుండా తల ఊపేవాడు. పదమూడేళ్లుగా ఆ సముద్రాన్ని ఆయన వింటూనే ఉన్నాడు.

ఇప్పుడామె సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. హాస్టల్లో ఉంటుంది. నిన్న సాయంత్రమే సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. మూడు నెలలనుంచి ఆదివారాలు కూడా డ్యూటీ పడుతోందని చెబితే, మా బిడ్డ లేకపోతే ఆ దవాఖాన నడవదని ఉప్పలయ్య మిల్లు మొత్తానికి చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పి జొన్నరొట్టె, పప్పు తిన్నాడు. అన్నం మానేసి రెండేళ్లయింది. చుట్టూ వేల బస్తాల బియ్యం మధ్య కూర్చొని షుగర్ మనిషి రొట్టె తినడం మల్సూర్‌కు రోజూ నవ్వు తెప్పించేది. తిన్నాక ఉప్పలయ్య కాగితం తీసి మడతలు విప్పాడు. ఎడమకన్ను మూసి చూశాడు. అక్షరాలు లేవు, కాగితమూ లేదు, పాలమీద మీగడలాంటి తెలుపు. కుడికన్ను మూసి చూశాడు. డ్రైవింగ్ వద్దు అన్న మాట స్పష్టంగా కనిపించింది. మళ్లీ ఎనిమిది మడతలు పెట్టాడు. భీమిలి రోడ్డు మీద ఏ మలుపు తర్వాత ఏ మలుపో కళ్లు మూసుకున్నా చెప్పగలనని తనకు తాను నచ్చచెప్పుకున్నాడు. ఎదురుగా వచ్చే బస్సులకు ఆ సంగతి ఎవరు చెబుతారో తోచలేదు.

అయిదున్నరకు ఇంటికి పోయి బండి తెద్దామని లేస్తుండగా మిల్లు గేటు బయట ఒక ఓమ్ని కనిపించింది. తన బండిలాగే ఉంది. కానీ అది గేటు మలుపుకు ముందు ఇండికేటర్ వేసింది. మిర్యాలగూడలో మలుపుకు ఇండికేటర్ వేసే మనిషిని ఆయన ఎరగడు గనక, ఎవరిదో ఊరుగాని ఊరి బండి అనుకున్నాడు. అది మెల్లగా లోపలికి వచ్చి, రెండు లారీల మధ్యనుంచి తప్పుకొని, కాంటా మీద గీతకు సరిగ్గా ఆగింది. స్టీరింగ్ ముందు సౌందర్య కూర్చొని ఉంది. వెనక సైదమ్మ, పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకొని, ఇంకా ఊపిరి బిగబట్టే ఉంది.

ఎర్ర అంకెలు ఊగుతున్నాయి. ఉప్పలయ్య కేబిన్ గడపమీదే నిలబడిపోయాడు.

“ఎన్నడు నేర్సినవ్?” అన్నాడు.

“ఆదివారం డ్యూటీలల్ల,” అంది సౌందర్య దిగుతూ. కొత్త లైసెన్సు తీసి ఆయన బల్లమీద పెట్టింది. తర్వాత ఆయన జేబువైపు చూసింది. “ఆ కండ్ల డాక్టర్‌కాడ నర్సు పుష్పాబాయిది హాస్టల్ల నా పక్క మంచమే. నిన్న నువ్వు బస్సెక్కకముందే నాకెరుక.”

ఉప్పలయ్య రెండు పెన్నులూ సర్దుకున్నాడు. ఎడమకన్ను బాగానే ఉందని, నెమ్మదిగా పోదామని, పదమూడేండ్లు నడిపిన రోడ్డేనని చెప్పాడు. పైగా కొత్త ఫ్యాన్ బెల్టు కూడా ఉందని చెప్పాడు. సైదమ్మ బండిలోంచే, బెల్టు ఉంటే బస్సులు కనిపిస్తాయా అని అడిగింది. వెనక రెండు లారీలు హారన్ కొడుతున్నాయి.

గోడకు ఉన్న మేకుకు పాత చీటీలు గుచ్చి ఉంటాయి. పదమూడు ట్రిప్పులవి. సౌందర్య వాటిని ఒక్కొక్కటిగా తిప్పింది.

“అమ్మ ఉన్నది, నేనున్న, కుక్కరున్నది, మామ కూడ ఉన్నడు,” అంది. “వీటిల్ల నువ్వేడున్నవ్ నాయినా?”

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడాయన.

“డ్రైవర్‌ను తూకంల కలుపరు బిడ్డా.”

“మరి ఇయ్యాల దిగింది నేను. నువ్వు పోయి బండ్ల కూసో.”

హారన్‌లు ఆగాయి. లారీ దిగిన తావుర్యా, బస్తాల నీడన నిలబడ్డ మల్సూర్ ఇటే చూస్తున్నారు. తన రూలు తనకే ఎదురొస్తే మనిషి ఏం చేయగలడు? ఉప్పలయ్య జేబులోని కాగితం తీసి కూతురికి ఇచ్చాడు. మెల్లగా నడిచి కాంటా మీదికెక్కి, ఓమ్ని ఎడమ తలుపు తీసి కూర్చున్నాడు. ఆ సీటు ఎట్లా ఉంటుందో ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. కాళ్ల దగ్గర తొక్కడానికి ఏమీ లేకపోయేసరికి వాటిని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

“ఏమన్నా, డ్రైవర్ మారిండు?” అని కేకేశాడు తావుర్యా.

“మా బిడ్డ,” అన్నాడు ఉప్పలయ్య కిటికీలోంచి. “నేను లోడ్‌ను.”

“కదలొద్దు,” అంది కేబిన్‌లోంచి సౌందర్య. ఆయన చేతులు మోకాళ్లమీద పెట్టుకొని, ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు. ప్రింటర్ పళ్లు కొరికింది. వెయ్యి ముప్పై అయిదు కిలోలు. సరుకు, ఇతరములు. ఆయన దిగివచ్చి చీటీని ఎడమకంటికి దగ్గరగా పెట్టుకొని చూశాడు. డ్రైవర్ పేరున్న చోట కంప్యూటర్ అలవాటుకొద్దీ ఉప్పలయ్య అని వేసింది. రాసే పెన్ను వెతికి, దాన్ని కొట్టేసి, తానే సరిచేశాడు. తర్వాత ఆ చీటీ పట్టుకొని సేటు గదిలోకి పోయాడు, గుమాస్తా దగ్గరికి పోయాడు, చూపించడానికి ఇంకెవరూ దొరక్క వాచ్‌మన్ దగ్గరికీ పోయాడు. ఇండికేటర్ వేసి తిరిగింది, సూశినవా, అని ముగ్గురినీ అడిగాడు. ఇంటికి పోయేముందు చీటీని మేకుకు గుచ్చాడు.

కోదాడ దాటేదాకా ఆయన సౌందర్యకు గేర్లు చెబుతూనే ఉన్నాడు. కోదాడ దాటాక మానేశాడు. చెప్పేలోపే ఆమె వేసేస్తోంది.

మూడోరోజు భీమిలి నుంచి వెనక్కి తిరిగారు. తిరుగుదారిలో సముద్రం ఎడమవైపు వచ్చింది, ఆయన కిటికీవైపు, ఆయన మంచికన్నువైపు. ఉప్పలయ్య అద్దం మొత్తం దించాడు.

“నువ్వు రోడ్డు సూడు బిడ్డా. సముద్రం నేను చెప్త.”

చెప్పాడు. పడవ, ఖాళీది, టన్నున్నర ఉంటది. దానెనక ఇంకోటి, లోడ్‌తోని ఉన్నది, ఎట్ల మునిగిందో. కొబ్బరిచెట్లు. పిల్లగాండ్లు ముగ్గురు, ముగ్గురు కలిసి డెబ్బై కిలోలు ఉండరు. దూరంగా ఓడ వచ్చింది. దాన్ని చాలాసేపు చూసి, గిది మన కాంటాకు ఆగదు అన్నాడు.

తర్వాత ఏమీ చెప్పలేదు. తల కిటికీకి ఆనింది. నిద్రపోయాడనుకొని సైదమ్మ వెనకనుంచి చేయి చాచి ఆయన మెడ కింద తువ్వాలు పెట్టింది. సౌందర్య ఇంకో మూడు కిలోమీటర్లు నడిపింది. ఓడ ఇంకా ఉన్నదా నాయినా అని అడిగింది. మళ్లీ అడిగింది. తర్వాత ఒక చేయి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది. రోజూ పట్టుకునే నర్సు చేయి అది. ఎడమ ఇండికేటర్ వేసి, బండిని మెల్లగా సముద్రంవైపు ఆపింది.

ఆ ఏడు గోపమ్మకు ఎవరూ సీసా తేలేదు, ఆమె అడగలేదు. నలుగురు మోయాల్సినప్పుడు ముందు భుజం పెట్టింది నగేష్. సీజన్‌లో మిల్లు కాంటా ఒక పూటంతా సున్నా దగ్గర ఉండటం మల్సూర్ అదే మొదటిసారి చూశాడు.

కొత్తగా వచ్చిన కాంటా అబ్బాయి కంప్యూటర్‌లో ఒక బండి రెండో తూకానికి రాలేదని, దాన్ని తీసేయాలా అని అడిగాడు. ఉండనియ్ అన్నాడు మల్సూర్.

మేకుకు ఆ చీటీ ఇంకా ఉంది. రెండో తూకం దగ్గర ఖాళీ, డ్రైవర్ పేరు దగ్గర సౌందర్య అని పెన్నుతో ఒకటికి రెండుసార్లు దిద్దిన అక్షరాలు.