ఎవరూ వండని అన్నం

ఆఫీసులో ఆయన్ని అందరూ వేదాంతి అనేవారు. ఎదురుగా అనేవారు కాదు గానీ ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా. మంచి మనిషే. ఆ ఆఫీసులో ఒకప్పుడు కౌంటర్ దగ్గర గుమాస్తా ముందు మొహం చూసేవాడు, తర్వాత ఇంటిపేరు అడిగేవాడు, ఆ తర్వాతే కాగితం ముట్టుకునేవాడు. వేదాంతి పైవాళ్ల ప్రాణం తోడేసి అక్కడ టోకెన్ యంత్రం పెట్టించాడు. మీట నొక్కితే నంబరొస్తుంది, నంబరు పిలిస్తే పని జరుగుతుంది. మొదటిరోజు ఒక ముసలాయన, తన పని ఇట్టే అయిపోయిందంటే నమ్మలేక, "ఇంకెవరినైనా కలవాలా బాబూ" అంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అది చూసి వేదాంతికి కళ్లు చెమర్చాయి. అప్పటినుంచి ఆయనకొకటే పిచ్చి. మనుషులకు ఎన్ని తరాలు చెప్పినా తలకెక్కదు, మధ్యలో ఒక యంత్రాన్ని పెడితే చాలు, తెల్లారేసరికి దారికొస్తారు.

ఆ పిచ్చికి శాస్త్రాధారం కూడా సంపాదించాడు. ఈ పని చేసింది నేనే అనుకోవడం దగ్గరే అజ్ఞానం మొదలవుతుందని పెద్దలన్నారు కదా, యంత్రానికి ఆ 'నేను' లేదు, కర్తే లేనప్పుడు కులమెక్కడిది, ఇదీ వరస. దీన్నే తిప్పి తిప్పి పత్రికలకు వ్యాసాలు రాసేవాడు. అచ్చయిన రోజు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించేవాడు. ఆయన భార్య తల ఊపుతూనే పొయ్యి మీద ఏం మాడుతోందోనని వంటింటి వైపు చూస్తుండేది.

అలాంటి ఇంటికి కోడలొచ్చింది. అబ్బాయి తనకు నచ్చిన పిల్లను చేసుకున్నాడు. వేరే కులం. వాళ్ల కంటే తక్కువని లోకం లెక్కగట్టిన కులం. వేదాంతి రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టి, అక్కడున్న నలుగురినీ పట్టుకుని ఉపన్యాసం కూడా దంచాడు. కోడలు ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. చాలా తేలిక చెయ్యి. వేదాంతికి షుగరుంది కాబట్టి ఆ పరీక్షేదో ఆమే ఇంట్లో చేసేది. "అటు చూడండి మామయ్యా, కొత్త వ్యాసం దేనిమీదో చెప్పండి" అనేది. ఆయన గొంతు సవరించుకునేలోపే సూది గుచ్చడం, తియ్యడం అయిపోయేది. ఆడపిల్లలు లేని ఇల్లు. ఆ పిల్ల "మామయ్యా" అంటూ ఎదురొస్తే ఆయనకు ప్రాణం లేచొచ్చేది.

చిక్కల్లా అత్తగారితోనే. ఆవిడ ఒక్క మాట తూలి ఎరగదు. తూలినా బాగుండేది, అందరూ నోరు చేసుకుని తేల్చుకునేవాళ్లు. కోడలు వంటింట్లోకి వెళ్లిన పూట ఆవిడకు తలనొప్పొచ్చేది. కోడలు వడ్డించబోతే కడుపులో బాగుండేది కాదు. రెండు అరటిపళ్లు తిని, దుప్పటి ముసుగెట్టి పడుకునేది. పొద్దస్తమానం మనుషుల జబ్బులు చూసే పిల్లకి ఈ జబ్బేమిటో తెలియదా? తెలిసీ నోరు మెదపలేదు. చివరికి అబ్బాయే ఒకరోజు తండ్రిని బాల్కనీలోకి లాక్కెళ్లాడు.

"ఇలాగైతే మా వల్ల కాదు నాన్నా. వేరే ఇల్లు చూసుకుంటాం."

వేదాంతి గుండెల్లో రాయి పడింది. కోడలు వెళ్లిపోతే ఆ ఇంట్లో తను రాసిన కాగితాలూ, తనవైపు చూడకుండా తలూపే భార్యా మిగులుతారు. ఎలాగైనా ఆ పిల్లను ఇంట్లో నిలుపుకోవాలి. భార్యతో మాట్లాడి ఒప్పించాలి. కానీ అది యంత్రాలు మరిగిన బుర్ర కదా, వెంటనే ఇంకో దారి పట్టింది.

వంట యంత్రం కొన్నాడు. చిన్న ట్రంకుపెట్టెంత ఉంటుంది. బియ్యానికో గది, పప్పుకో గది, తరిగిన కూరగాయలకో గది. అదే కడుగుతుంది, అదే కలియబెడుతుంది, అదే ఉడికించి కూత పెడుతుంది. అత్తగారు పొద్దున్నే గదులు నింపేది. వేళకి కోడలు ల్యాబ్‌లో కూర్చునే ఫోన్‌లో నొక్కేది, ఇక్కడ వంట మొదలయ్యేది. ఫోన్‌లోంచి అంటు పాకదని అత్తగారికి ఎవరు చెప్పారో గానీ, ఆవిడ తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. రాత్రిపూట నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు. రుచి అంటారా, దాని సంగతి ఎత్తకుండా ఉండడమే మంచిది. వేదాంతికి మాత్రం అమృతంలా ఉండేది. 'మా ఇంట కర్త లేని వంట' అని వ్యాసం కూడా రాసేశాడు.

"ఇప్పుడు బాగుందామ్మా?" అని కోడల్ని అడిగాడు.

"బాగానే ఉంది మామయ్యా. గొడవ లేదు."

గొడవ లేదన్న మాట చాలు ఆయనకి. ఆ పిల్ల మొహం చూడాలని తోచలేదు.

ఒక ఆదివారం అబ్బాయి పని మీద వేరే ఊరు వెళ్లాడు. అత్తగారు యంత్రం గదులు నింపి చెల్లెలింటికి వెళ్లింది. పొద్దున్నే మేడ కింద ఏదో తీగ కాలి కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాదని బాగుచేసేవాళ్లు చెప్పేశారు. యంత్రం మూగపోయింది. షుగరున్న మనిషి పస్తుండకూడదు కదా, కోడలు అటక మీంచి పాత గ్యాస్ పొయ్యి దించి తుడిచింది. ఏదో కూనిరాగం తీస్తూ వంట మొదలెట్టింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో పోపు వాసన లేచింది. హాల్లో పేపరు చదువుతున్న వేదాంతికి నోరూరింది. ఇది అబద్ధం కాదు, నిజంగానే నోరూరింది.

"లేవండి మామయ్యా, వేళ దాటితే మీకు పడదు. ఇవాళ నా వంటకి మీరే మార్కులెయ్యాలి."

లేచాడు. చేతులు కడుక్కున్నాడు. కూర్చున్నాడు. కంచంలో అన్నం, పక్కన కూర, పొగలు కక్కుతున్నాయి. ఆకలి కరకరలాడుతోంది. చెయ్యి మాత్రం ఒళ్లోంచి పైకి రాలేదు. ఆ పిల్ల సూదికి ఎన్నోసార్లు చాపిన చెయ్యే అది. ఎందుకు రావడం లేదో ఆయనకే తెలియలేదు. ఇంతలో నోరు తన పని తను చేసుకుపోయింది.

"కరెంటొస్తుందిలేమ్మా. కాసేపు చూద్దాం, తొందరేముంది?"

"సాయంత్రం దాకా రాదన్నారుగా మామయ్యా."

"ఫర్వాలేదు. నాకంత ఆకలిగా కూడా లేదు."

కోడలు గరిటె పట్టుకునే ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆ గరిటెను చప్పుడు కాకుండా గిన్నెలో పెట్టింది.

"ఆ యంత్రం అత్తయ్య కోసం కొన్నారనుకున్నాను మామయ్యా" అంది.

అంతే. తన కంచం తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు, ఏడవలేదు. వేదాంతి ఆ అన్నం ముందు కూర్చునే ఉన్నాడు. తినేద్దాం, తినేసి ఆ పిల్లను కేకేద్దాం అనుకున్నాడు. చల్లారిపోయేదాకా అనుకుంటూనే ఉన్నాడు. షుగరు పడిపోయి కాళ్లూ చేతులూ వణకడం మొదలయ్యాక కరెంటొచ్చింది. యంత్రం సిద్ధంగా ఉన్నానని కూత పెట్టింది. దాన్నెత్తి కిందకి విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. మీట నొక్కాడు. అది వండింది తిన్నాడు. ఇక్కడ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాలని నాకూ ఉంది. కానీ తింటున్నంతసేపూ ఆయన ఏడుస్తూనే ఉన్నాడు, ఇంక నేను తిట్టేదేముంది?

అబ్బాయి రాగానే ఇద్దరూ ఇల్లు మారిపోయారు. రుసరుసలేం లేవు. ల్యాబ్‌కి దగ్గరని చెప్పారు. అత్తగారు గుమ్మంలో బిత్తరపోయి నిలబడింది.

"ఈమధ్య అంతా సవ్యంగానే ఉంది కదండీ. మీరుగానీ ఏమైనా అన్నారా?"

"నేనా? నేనేమంటాను?" అన్నాడు వేదాంతి.

ఆ తర్వాత ఆయన వ్యాసాలేం రాయలేకపోయాడు. కలం పట్టుకుంటే తన చెయ్యి కనిపించేది. అందరిలోనూ ఉన్నది ఒకటేనని నమ్మాడు, అందులో బూటకం లేదు. ఆ పిల్లను ప్రేమించాడు, అందులోనూ లేదు. మరి ఆ చెయ్యి ఎవరిది? ఊహ తెలియకముందే ఎవరో దానికి నూరిపోశారు. ఇన్నేళ్లూ చదివిన చదువు దాని దాకా పోలేదు. అది బయటపడే సందర్భం రాకుండా ఒక యంత్రం తెచ్చి అడ్డం పెట్టుకున్నాడు, పైగా దానికి సంస్కరణ అని పేరు పెట్టుకున్నాడు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

ఉండబట్టలేక ఒకరోజు చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లాడు. కోడలే తలుపు తీసింది. "రండి మామయ్యా, ఎండలో వచ్చారా?" అంటూ కుర్చీ ఫ్యాను కిందకి జరిపింది. వంటింట్లో అబ్బాయి గిన్నెలు సర్దుతున్నాడు. అప్పుడే దించిన కూర వాసన ఇల్లంతా నిండి ఉంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయి వేదాంతి ఒక్కటే అన్నాడు.

"ఆకలేస్తోందమ్మా. నువ్వు వండింది పెట్టు."

కోడలు ఫోన్ అందుకుంది. ఏదో నొక్కింది. ఆయన వద్దమ్మా, వద్దమ్మా అంటూనే ఉన్నాడు. కాసేపటికి హోటల్నుంచి గుమ్మంలోకి పొట్లం వచ్చింది, సీలు వేసిన డబ్బాలో అన్నం, కూర. వాటిని ఆయన ముందు పెట్టి, మంచినీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మీ మీద కోపం లేదు మామయ్యా. మీరు తింటారనే నమ్ముతున్నాను. కానీ మీరు ముద్ద కలుపుతుంటే నా చూపు మీ చేతి మీదే ఉంటుంది, ఎక్కడ ఆగిపోతుందోనని. అలా చూస్తూ ఒకళ్లకి అన్నం పెట్టడం నా వల్ల కాదు. ఇది తినండి. ఇద్దరికీ ఇబ్బంది ఉండదు."

అబ్బాయి లోపల్నుంచి పిలిచాడు. ఆమె లేచి వెళ్లింది. కంచాల చప్పుడైంది. "ఇంకొంచెం వెయ్యనా?" అని ఆమె మొగుణ్ణి అడగడం వినిపించింది.

వేదాంతి డబ్బా మూత తీసి, తలొంచుకుని తినసాగాడు.