ఇసక చల్లబడ్డాక

పడవకున్న పాత రంగు గీకుతుంటే మా ఆయన అర్జునరావు నీడలోంచి అన్నాడు, "మెల్లగా గీకే, నీ మొగుడి ఈపనుకున్నావేటి?" పక్కన పేకాడుతున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మాట పెద్దదవుతుందని పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాను.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఎండాకాలంలో రెండు నెలలు సముద్రం మీద వేట ఆపేస్తారు. జూన్ నడిమికి మళ్ళీ పడవలు కదులుతాయి. మా యారాడ పల్లెలో ఆ రెండు నెలలూ మగవాళ్ళకి విశ్రాంతి. అది తప్పని నేననను. మిగతా పది నెలలూ వాళ్ళు ప్రాణం అరచేతిలో పెట్టుకునే వెళతారు. కాని వాళ్ళు ఇంట్లో ఉంటే టీలు రెట్టింపు, వంట రెట్టింపు, "ఈయేల కూరేటి" అన్న ప్రశ్న రెట్టింపు. పడవ గీకడం, కడగడం కూడా మా ఇంట్లో నా పనే. తీరా వేటకి బయల్దేరే ముందు గంగమ్మ పూజ అయ్యాక మాత్రం ఆడది పడవని ముట్టుకోకూడదు, తల్లికి కోపం వస్తుందంటారు. శుక్రవారం తప్పకుండా ఆ తల్లికి దీపం పెట్టేది నేనే. రెండు నెలలు నా చేతులు తగిలితే రాని కోపం, పూజ పొద్దుట్నుంచి ఎందుకొస్తుందమ్మా అని దీపం దగ్గరే అడుగుతాను. ఇంకా చెప్పలేదు. చెప్పేదాకా పెడుతూనే ఉంటాను.

మా అత్త పోతమ్మకి అరవై దాటాయి. నెత్తిన ఎండుచేపల గంప, కాళ్ళకి చెప్పులుండవు. ఒకప్పుడు ఆమెని చూస్తే భయం. ఇప్పుడు ఆశ్చర్యం. నేను పడవ గీకుతున్న ఆ మధ్యాహ్నం గంప దింపి, పాదాన్ని ఇసకలో ఒకసారి అటూ ఇటూ తిప్పి, "సల్లబడ్డాదే. ఎల్లిపోనాది ఎండ" అంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. టీవీలో ఇంకా వడగాడ్పులనే చెబుతున్నారు. రెండో రోజుకి గాలి తిరిగింది. నలభై ఎండాకాలాలు ఆ పాదాల కింద నుంచి వెళ్ళాయి. ఒక్కదాన్నీ ఆమె గుర్తుపట్టకుండా పంపలేదు.

ఆమె మాట నన్ను వదల్లేదు. సాయంత్రం గిన్నెలు తోమి, పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను. పదో తరగతితో ఆగిన చదువు నాది. కవిత్వం సంగతి నాకు తెలీదు. అనిపించింది అనిపించినట్టు రాశాను.

ఎండాకాలం వెళ్ళేటప్పుడు తలుపు చప్పుడు చెయ్యదు.
ఇసక చల్లబడ్డాకే తెలుస్తుంది, ఇక లేదని.
నిరుటిది వెళుతూ నన్ను కొంచెం పట్టుకుపోయింది.
ఇది ఎంత అడుగుతుందో.

కాగితం పప్పుల డబ్బా కింద దాచాను. మూడు రోజుల తరవాత చూస్తే లేదు.

పడవకి కొత్త రంగు వేసే ఎల్లాజీ టీ కోసం గుమ్మంలోకి వచ్చాడు. "వదినా, అన్న ఎంత బాగా రాసేడో సూసేవా? బోటు పక్కకి రాసీమన్నాడు" అంటూ నా నాలుగు వాక్యాలూ నాకే చదివి వినిపించాడు. ఆఖరి మాట దగ్గర అతని గొంతు కాస్త తగ్గింది. నా రాత ఇంకొకరి నోట వినడం అదే మొదలు. చెప్పొద్దూ, ముందు సంతోషమే వేసింది. కోపం టీ గ్లాసు కడిగేటప్పుడు వచ్చింది.

అన్నం దగ్గర ఆయన తల ఎత్తకుండా చెప్పాడు. డబ్బా కింద దొరికిన కాగితం పేకాట దగ్గర నవ్వులాటకి చదివాడట. ఎవరూ నవ్వలేదట. ఎవరు రాశారని అడిగితే తనేనని అనేశాడట. "బావలందరూ మెచ్చుకున్నారే. ఇప్పుడు నువ్వు రాసేవంటే నా మొకం ఎక్కడెట్టుకోను? మనింట్లో మాటే కదా, నీదేటి, నాదేటి?"

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఆయన పడవ గురించి ఒక్కసారీ అనలేదు.

పూజకి ముందురోజు పొద్దున్న ఎల్లాజీ నీలం రంగుతో రాస్తున్నాడు. మా పడవ పేరు బంగారమ్మ తల్లి, పక్కది సత్తెమ్మ తల్లి. దరి పొడుగునా ఆడపేర్లే. దేవతైతే ఎవరికీ ఇబ్బంది లేదు. మా అత్త గంప దింపి, "అదేటే రాత్తన్నాడు?" అని అడిగింది. ఆమెకి చదువు రాదు. నేను చదివాను. విని, నీడలో పేకాడుతున్న కొడుకు వైపు తిరిగింది.

"ఇది నువ్వు రాసేవా?"

ఆయన మెల్లగా తలాడించాడు. పేకాట ఆగింది.

"ఈ రెండు నెల్లూ పగటేల నీడ దాటి అడుగేసేవేట్రా? ఇసక సల్లబడిందని నీకెవులు సెప్పేర్రా?"

ఎవరో పకపకా నవ్వి ఆపుకున్నారు. ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నాకు జాలేసింది. అయినా ఆయన్ని ఆదుకోవడానికి నోరు తెరవలేదు. అది కూడా నాకు కొత్తే.

"ఆ ఇసక మాట నీదే అత్తా" అన్నాను.

"ఇసక వొరకే నాది. నిన్ను కొంచెం పట్టుకుపోయిందన్నావు సూడు, అది నా కడుపులో ఎన్నేళ్ళుగానో ఉందే. నాకు నోటికి రానేదు. నీకొచ్చింది." గంప ఎత్తుకోవడానికి వంగింది.

ఎల్లాజీ కుంచె పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డాడు. "అన్నా, కింద ఎవుల పేరు ఎయ్యమంటావు?"

ఆయన, "నన్నెందుకు అడుగుతావు" అన్నాడు.

నేను చెయ్యి చాచాను. "ఇలాగియ్యి. నాను రాసుకుంటాను."

రంగు పల్చగా ఉంది. ఈశ్వరి అని రాశాను. ఇన్నేళ్ళుగా ఏ కాగితం మీద రాసినా నా పేరు తరవాత కామా పెట్టి 'భర్త అర్జునరావు' అని రాయడం అలవాటు. కామా కోసం చెయ్యి తనంతట తానే పక్కకి జరిగింది. ఆపి, కుంచె ఎల్లాజీకి ఇచ్చేశాను.