గట్టు మీద పదో నంబరు

పందొమ్మిది వందల తొంభైలో, కాలవకి నీళ్లు ఆలస్యంగా వదిలిన ఆ ఏడు, రేపల్లె పక్కనున్న ఆ ఊళ్లో ఫుట్‌బాల్ చొక్కాలు రెండే రెండు. ఒకటి నలభై ఎకరాల ఆసామి నరసింహారావుది. రెండోది ఆయన పొలంలో ఊడ్పులు చేసే ఆడకూలీల ముఠాకి మేస్త్రి కొండమ్మది. ఇద్దరికీ నలభై అయిదు దాటాయి. ఆ ఆట గురించి కొండమ్మకి ఒక్క ముక్క తెలీదు. నరసింహారావుకి చాలా తెలుసు. బాపట్లలో చదువుకునేటప్పుడు కాలేజీ టీములో ఉన్నాననేవాడు. ఉన్నమాట నిజమే, ఎవరికైనా కాలు బెణికితే దిగుదామని రెండేళ్లూ గీత బయటే కూర్చున్నాడు.

ముందు కొనుక్కున్నది కొండమ్మే. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కోవడం ఆ ప్రాంతంలో మామూలే. ఎండకి, బురదకి, నారు ఆకు గీరుడికి అదే రక్ష. కొండమ్మ మొగుడు పోయి నాలుగేళ్లయింది, ఆయన చొక్కాలు రెండూ చిరుగులు పట్టాయి. కిందటేడు తెనాలి స్టేషను దగ్గర పాత బట్టల కుప్పలో చెయ్యి పెట్టి కెలికితే నీలం, తెలుపు చారల చొక్కా ఒకటి తగిలింది. నిండు చేతులు, మెడ దాకా మూసుకున్న కాలరు, వీపు మీద మూరెడు ఎత్తున పది అంకె. తల మీదుగా తొడుక్కుని చూసుకుని, ఇక వదల్లేదు.

మిగతావాళ్లు పని అయ్యాక కాలవ దగ్గర కాళ్లు కడుక్కుని, చొక్కా విప్పి గంపలో పెట్టుకుని, పైట సర్దుకుని ఊళ్లోకి నడిచేవారు. అది మర్యాద. కొండమ్మకి ఆ మర్యాద మీద పెద్ద నమ్మకం లేదు. చొక్కాతోనే నడిబజారులో నడిచేది, చొక్కాతోనే రేపల్లె బస్సెక్కేది. మొదట్లో నవ్వారు, తరవాత నవ్వడం మానేశారు. ఎంత దూరం నుంచి చూసినా ఆ పది అంకె కనిపిస్తే కొండమ్మేనని పిల్లకాయలక్కూడా తెలిసిపోయింది.

ఆ వేసవిలో ప్రపంచ కప్పు ఆటలు టీవీలో వచ్చాయి. నరసింహారావు ఒక్కటీ వదలకుండా చూసి, అర్జెంటీనా వాళ్లంటే పడిచచ్చాడు. మద్రాసులో ఉన్న బావమరిదికి ఉత్తరం రాసి ఆ దేశం చొక్కా తెప్పించుకున్నాడు. నీలం, తెలుపు చారలు, వీపు మీద పది. తను రోజూ చూసే కొండమ్మ చొక్కా కూడా ఇలాంటిదేనన్న సంగతి ఆయన బుర్రకి తట్టనేలేదు. కూలిదాని ఒంటి మీద బట్ట ఏ రంగుదో గుర్తు పెట్టుకునే అలవాటు ఆయనకి లేదు మరి.

చొక్కా వేసుకుని మొదట రేపల్లె బజారుకి వెళ్లాడు. అక్కడ టైలరు అబ్దుల్ రజాక్ మిషను ఆపి మరీ చూశాడు.

“ఏంటి రజాకూ, ఎలా ఉంది?”

“బాగుందండి. కానీ ఇది ఆడేవాళ్లు వేసుకునేది కదండి? మీరు చూసేవాళ్లు కదండి?”

“నేను ఆడినవాణ్ణయ్యా, బాపట్లలో.”

“అయితే పర్లేదండి. మా కుర్రాళ్లు వేసుకుంటే కుర్రతనం అంటాం. పెద్దలు వేసుకుంటే ఏమనాలో ఇంకా ఎవరూ చెప్పలేదండి,” అని రజాక్ మళ్లీ మిషను తొక్కుకున్నాడు.

ఆ మాట నరసింహారావుకి నచ్చలేదు గాని, అంతటితో పోయేది. మర్నాడు పొద్దున్నే అదే చొక్కాతో పొలానికి వెళ్లి, నీళ్లు సరిగ్గా పారుతున్నాయో లేదోనని తూము దగ్గర వంగి చూస్తున్నాడు. వెనక గట్టు మీద జకరయ్య వస్తున్నాడు. ఎకరం పొలమున్న చిన్న రైతు, కొండమ్మకి వరసకి అన్న. దూరం నుంచే కేకేశాడు.

“ఏమే కొండమ్మా! మా ఎకరంలోకి ఎప్పుడు దిగుతావే?”

వంగిన మనిషి పలకలేదు.

“నిన్నేనే! ఆ నరసింహారావు పనికైతే పరిగెడతావు, నా మాట వినపడదా? చెవుడొచ్చిందా?”

నరసింహారావు లేచి ఇటు తిరిగాడు. జకరయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. వెళ్లినవాడు ఊరుకుంటాడా? మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. నరసింహారావుగారు కొండమ్మ ముఠాలో చేరారట, పొద్దున్నే తూము దగ్గర వంగడం నేర్చుకుంటున్నారట అని హోటలు దగ్గర ఒకటే నవ్వు.

సాయంత్రం ఆయన కొండమ్మకి కబురంపాడు. ఆమె పని నుంచి నేరుగా వచ్చింది, ఒంటి మీద అదే చొక్కా. నరసింహారావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, తెల్ల చొక్కాలో.

“రేపు మన చేలో ఊడ్పులు మొదలు. దిగే ముందు ఆ చొక్కా తీసి పారెయ్. ఊళ్లో కూడా అది నీ ఒంటి మీద కనపడకూడదు. కాదంటావా, చేబ్రోలు ముఠాకి కబురు పెడతాను.”

నలభై ఎకరాలంటే ముఠాలో పద్నాలుగు మందికి నెల రోజుల పని. మిగతా ఆసాములందరూ అప్పటికే వేరే ముఠాలతో మాట్లాడేసుకున్నారు. ఇది పోతే పద్నాలుగు ఇళ్లలో పొయ్యి వెలిగేది ఎలాగో కొండమ్మకి తెలీదు. తీసేస్తానండి అనే మాట నోటి దాకా వచ్చింది.

అంతలో ఆయనే ఇంకో మాటన్నాడు.

“ఆడమనిషివి, ఈ వయసులో నీకు ఫుట్‌బాల్ చొక్కా ఏంటి? అది ఏ దేశం వాళ్లదో తెలుసా?”

“తెలీదండి.”

“ఆట ఎప్పుడైనా చూశావా?”

“లేదండి.”

“మరెందుకు వేసుకున్నట్టు? పదిమందీ చూడాలనా?”

కొండమ్మకి ఒళ్లు మండింది. భయం ఎటు పోయిందో పోయింది. చూడాలని వేసుకున్నానట! మొదట్లో ఊరంతా నవ్వినా పట్టించుకోని మనిషికి ఆ ఒక్క మాట తగలరాని చోట తగిలింది.

“దీనికి ముందు గుండీలు లేవు బాబుగారూ. అందుకని వేసుకున్నానండి.”

“గుండీలేంటి?”

“పొద్దున నడుం వంచితే పొద్దుగూకే దాకా ఎత్తం కదండి. మా మగాళ్ల చొక్కాలకి గుండీలు ఊడిపోయుంటాయి. వంగినప్పుడల్లా విచ్చుకుంటాయండి. చేతుల్నిండా నారు, బురద. పైట సర్దుకోడానికి మూడో చెయ్యి లేదు కదండి. ఇదైతే మెడ దాకా మూసుంటది. ఎంత వంగినా కదలదు. చూడకూడదని వేసుకున్నానండి, చూడాలని కాదు.”

“ఎవరు చూస్తారే మిమ్మల్ని?”

“గట్టు మీద నిలబడేవాళ్లండి.”

“గట్టు మీద ఎవరు నిలబడతారు?”

ఈసారి అడిగింది నరసింహారావు కాదు. ఆయన భార్య సీతారావమ్మ, కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఏమో.

అది కొండమ్మ చెప్పాల్సిన పని లేదు. ఊడ్పుల రోజుల్లో నల్ల గొడుగు వేసుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా తన చేలో గట్టు వదలకుండా నిలబడే ఆసామి ఆ ఊళ్లో ఒక్కడే. ఎంత శ్రద్ధయ్యా వ్యవసాయమంటే అని ఊరు మెచ్చుకునేది కూడా ఆయన్నే. నరసింహారావు అరుగు కింద ఉన్న చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు.

సీతారావమ్మ గ్లాసు ఆయన పక్కన పెట్టింది. పెళ్లయి పాతికేళ్లు, మొగుడి మాటకి ఎదురు మాట ఎరగదు. ఆమె ముఖం కందిపోయింది.

“కొండమ్మా, రేపు పద్నాలుగు మందీ రండి. నీ చొక్కా నీ ఇష్టం.”

తరవాత మొగుడి వైపు తిరిగింది.

“మీరు రేపు తెనాలి వెళ్లి ఎరువు సంగతి చూసుకురండి. ఎల్లుండి కూడా అక్కడ ఏదో ఒక పని ఉంటుంది. ఊడ్పులు అయ్యేదాకా గట్టు మీద నేనుంటాను.”

నరసింహారావు కాఫీ తాగాడు.

మర్నాడు పొద్దున సీతారావమ్మ అన్నట్టే గొడుగు పట్టుకుని పొలానికి వచ్చింది. గట్ల మీద నడక అలవాటు లేక రెండు చోట్ల జారింది, లేచింది. నారు కట్టలు ముందురోజే మళ్లలో వేయించి ఉన్నాయి, నారు మోసే మగవాళ్లతో పని లేదు. పద్నాలుగు మంది వరసగా దిగి నడుం వంచారు. కొండమ్మ చివరి చాలు పట్టింది, చారల చొక్కాతోనే. ఎవరో పాట అందుకున్నారు.

పదకొండు దాటేసరికి గాలి ఆడలేదు. మడిలో నీళ్లు వేడెక్కి ఆవిరి పైకి కొడుతోంది. వరసలో ఒకామె నిటారుగా నిలబడి, నాలుగు పక్కలా చూసింది. కనుచూపు మేరలో మగపురుగు లేదు. తొడుక్కున్న మొగుడి చొక్కా విప్పి గట్టు మీదకి విసిరింది. ఆ వెనకే ఇంకొకామె. కాసేపటికి గట్టు పొడుగునా చొక్కాలే. సీతారావమ్మ వాటిని ఒక్కొక్కటీ ఏరి, నీళ్లలో పడకుండా పొడిచోట వేసింది.

కొండమ్మ నడుం ఎత్తింది. మోచేతుల దాకా బురద కడుక్కుని, చారల చొక్కా అంచు రెండు చేతుల్తో పట్టుకుని తల మీదుగా లాగింది. అది చెమటకి అతుక్కుపోయి ఒక పట్టాన రాలేదు. వచ్చాక తనే వెళ్లి గట్టు మీద ఆరేసి, మళ్లీ మడిలోకి దిగింది. వీపుకి గాలి తగిలింది. ఇరవై ఏళ్లుగా ఊడ్పులు చేస్తోంది గాని, మడిలో ఉండగా వీపుకి గాలి తగలడం ఇదే మొదలు. కొండమ్మ కాసేపు అలాగే నిలబడి, మళ్లీ నారు కట్ట అందుకుంది.